పీచు ధరకి ఉప్పు

మొన్న మా కోడలు నన్ను ఒక ఫర్నిచర్ షోరూముకి తీసుకుపోయింది. మేడ మీద ఎండలో, వానలో పెట్టుకునే సోఫా కావాలట. ఎండలో, వానలో పడి ఉండే వస్తువుని మా కాలంలో రోలు అనేవాళ్ళం. దాని మీద మెత్త వేసుకుని కూర్చోవాలని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు తోచింది కాబట్టి అది నాగరికత.

మెడలో తాడుకి కార్డు వేలాడేసుకున్న కుర్రాడు ఎదురొచ్చాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మా కోడలి వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టాడు. నెరిసిన తల కనిపిస్తే చాలు, డబ్బు ఇంకెవరి దగ్గరో ఉంటుందని ఈ కాలం అంగళ్ళవాళ్ళకి ఒక నమ్మకం. డబ్బు మా కోడలి దగ్గరే ఉంది, నిజమే. కానీ బేరం నా దగ్గర ఉంది.

"ఈ మెత్తలో ఏముంది నాయనా?" అన్నాను.

"క్విక్ డ్రై ఫోమ్ మేడం. నీళ్ళు పోసినా నిలవవు."

"అదే, ఫోమ్ అంటే ఏంది?"

"ఫోమ్ అంటే..." అని ఆ అబ్బాయి కొంచెం ఆలోచించి, "ఫోమే మేడం" అన్నాడు.

"ఆ జిప్పు తీసి చూపించు."

"జిప్పు తియ్యకూడదు మేడం. తీస్తే వారంటీ పోతుంది."

లోపలికి చూస్తే పోయే వారంటీ! మనుషులకి కూడా అలాంటిది ఒకటి ఇచ్చి ఉంటే మా ఇంట్లో చాలా పెళ్ళిళ్ళు నిలబడేవి. తను అమ్మే సరుకు కడుపులో ఏముందో తెలియనివాడిని మా వీధిలో అయితే అంగడి ముందు నీళ్ళు చల్లడానికి కూడా పెట్టుకునేవాళ్ళు కాదు. ఆ మాట పైకి అనలేదు. ఎందుకంటే, కడుపులో ఏముందో బాగా తెలిసినవాళ్ళ ఘనకార్యం కూడా నేను చూసిందే. మా ఇంట్లోనే చూశాను.

మాది కాలవ పక్క ఊరు. బజారులో ఒకే దూలం కింద రెండు గదులు. మొదటి గది మా పెద్దనాయనది. ఉప్పు, చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు. రెండో గది మా నాయనది. పరుపులు, దిండ్లు, కుర్చీ మెత్తలు. రెండు గదులకీ మధ్య తలుపు లేని వాకిలి ఒకటి ఉండేది. అందువల్ల మా నాయన కుట్టిన ప్రతి పరుపూ కొన్నవాళ్ళ ఇంట్లో మొదటి నెల అంతా బెల్లం వాసన వేసేది. చీమలు పడుతున్నాయని ఎవరైనా వచ్చి తగువు పెట్టుకుంటే, "మంచి పరుపు అంటే అదే గదా, చీమకి తెలిసినంత మనిషికి తెలీదు" అని పెద్దనాయన పక్క గదిలోంచి అరిచేవాడు. తగువుకి వచ్చినవాడు చింతపండు కొనుక్కుని పోయేవాడు.

మా ఇంటి చట్టం ఒకటే. కొనేది పెద్దవాడు, కుట్టేది చిన్నవాడు. సరుకు ఏదైనా సరే, బేరం ఆడే హక్కు పెద్దనాయనది. ఆయనకి దూది గురించి తెలిసింది తక్కువ. కానీ తక్కువకి కొనడం గురించి తెలుసు. మా వంశంలో జ్ఞానం అంటే రెండోదే.

నాయన గదిలో దూది రకాలకి కులాలున్నట్టు మర్యాదలు ఉండేవి. పత్తి దూది పెద్దింటిది. గింజల నూనె వాసన, మంచి బరువు, పెళ్ళి పరుపులన్నీ దానితోనే. బూరుగు దూది సొగసుగత్తె. మెరుస్తుంది, తేలిపోతుంది, ఎవరైనా తుమ్మితే దూలం మీదికి ఎక్కి కూర్చుంటుంది. కొబ్బరి పీచు కూలిమనిషి. గుచ్చుతుంది గానీ కుంగదు. అన్నిటికంటే కిందది వరిగడ్డి. ఎక్కువ రోజులు ఉండకూడదనుకున్న చుట్టాల కోసం జనం గడ్డి పరుపు కుట్టించుకునేవాళ్ళు. గది వెనక వసారాలో ఒక ముసలాయన పెద్ద విల్లు పట్టుకుని పొద్దస్తమానం దూది ఏకుతుండేవాడు. టంయ్, టంయ్ అని ఆ తీగ మోత. మా అవ్వ ఆ మోతలోనే నిద్రపోయేది. అది ఆగితే లేచి, "ఏందిరా, ఎవరు పోయినారు?" అనేది.

నాకు కూడా ఆ అంగట్లో ఒక ఉద్యోగం ఉండేది. కూర్చోవడం. నేను వయసుకి మించి బరువు. కుట్టిన ప్రతి మెత్త మీదా నన్ను కూర్చోబెట్టి, కాసేపయ్యాక లేపి, ఎంత కుంగిందో, ఎంతసేపటికి లేస్తుందో చూసేవాడు నాయన. బళ్ళో ఆడపిల్లలు పాటలకీ, ముగ్గులకీ బహుమతులు తెచ్చుకుంటుంటే నేను ఈ అవయవం చేత కుటుంబానికి ఉపయోగపడ్డాను. గర్వంగానే ఉండేది. జీతం ఒక కమ్మరకట్టు, బెల్లం పాకం ముక్క. పళ్ళకి అతుక్కుని సాయంత్రం దాకా వచ్చేది.

అలాంటి అంగడి ముందు ఒకరోజు కారు ఆగింది. అభ్రకం గనుల ఆసామి దిగాడు. రేకులు రేకులుగా ఊడే రాయిని భూమిలోంచి తీసి, దేశాల మీదికి పంపి, బాగుపడ్డ మనిషి. తోటపల్లి గూడూరు దాటాక ఇసక దారిన పోతే, సముద్రం ఒడ్డున సరుగుడు తోపులో ఆయన కొత్తగా ఇల్లు కట్టాడు. ఇంటి ముందు, అలలకి ఎదురుగా, ఆకాశం కింద పేము కుర్చీలు వేయించాడట. వాటి మీదికి మద్రాసు నుంచి రబ్బరు మెత్తలు తెప్పించాడు. ఒక ఎండాకాలం తిరక్కుండానే అవి ఏమయ్యాయో చూపించడానికి డ్రైవరు చేత ఒకటి తెప్పించి బల్ల మీద గుద్దాడు. చిల్లిలోంచి పసుపచ్చటి పొడి రాలింది. మా అవ్వ అటుకులనుకుని చెయ్యి పెట్టబోయింది.

"నా మెత్తలు బయటనే ఉండాలి," అన్నాడు ఆసామి. "ఎండా, వానా, మంచూ అన్నీ ఆడనే."

"సందేళ ఎత్తి లోపల పెట్టుకుంటే బాగుంటాయి గదండీ," అన్నాడు నాయన.

"సందేళ లోపల పెట్టుకునేదానికి బయట కుర్చీలెందుకయ్యా? కార్తీకంలో వనభోజనాలు పెడతండా. నెల్లూరు నుంచి ఆఫీసర్లు, డాక్టర్లు, వాళ్ళ ఆడవాళ్ళు వస్తారు. రేయంతా మంచులో ఉన్నా పొద్దున కూర్చుంటే పొడిగా ఉండాల. అట్టాంటి మెత్త మీ దగ్గర ఉందా, లేదా?"

నాయన నోరు తెరిచేలోపల పక్క గదిలోంచి పెద్దనాయన, "మా దగ్గర లేకపోతే లోకంలో లేనట్టే" అన్నాడు.

ఆసామి పోయాక పెద్దనాయన మధ్య వాకిట్లో నిలబడి అసలు మాట చెప్పాడు. ఆ మాట చాలా రోజులుగా ఆయన నోట్లో నానుతున్నదే. ఉప్పు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు, పరుపుల గది మింగడమే తప్ప కక్కడం లేదు.

"ఒరే తమ్ముడూ, ఇదే నీకు ఆఖరు. ఈ మెత్తలతో పేరొస్తే ఈ గది నీది. నేను మళ్ళీ మాటెత్తను. పేరు పోయిందా, కార్తీకం దాటంగానే ఈడ ఉప్పు బస్తాలు దించుతా. నువ్వు తక్కెడ కాడ కూర్చుందువు."

నాయన తల వంచి సూదిలో దారం ఎక్కించాడు. దారం ఎక్కడానికి ఆ రోజు చాలాసేపు పట్టింది. ఇరవై ఏళ్ళప్పుడు మద్రాసులో ఎవరి దగ్గరో వంగి వంగి నేర్చుకొచ్చిన పని. ఆయనకి అదొక్కటే వచ్చు. బేరం రాదు. మా ఇంట్లో బేరం రానివాణ్ణి చూసి జాలిపడేవాళ్ళు, కుంటివాణ్ణి చూసినట్టు.

మళ్ళీ ఆసామి వచ్చిన రోజు పెరట్లో పరీక్ష పెట్టారు. కుడితి తొట్టి కడిగి నీళ్ళు నింపి, నాయన మూడు మెత్తలు వేశాడు. పత్తి మెత్త బుడబుడమని మునిగిపోయింది. పీచు మెత్త సగం మునిగి సగం తేలి, పైకి తియ్యంగానే నీళ్ళన్నీ కక్కేసి మళ్ళీ బిర్రుగా నిలబడింది. బూరుగు మెత్త నీళ్ళ మీద బాతు మాదిరి తిరుగుతూ ఉండిపోయింది. పిల్లిని తెచ్చి దాని మీద వేశాను. పిల్లితో సహా తేలింది. పిల్లి నా చెయ్యి రక్కింది.

"చూడండి, నీళ్ళు పట్టనే పట్టదు," అన్నాడు నాయన. ఆయన గొంతులో అంత ఉత్సాహం నేనెప్పుడూ వినలేదు. "ఇదే సరైంది మీకు."

ఆసామి బూరుగు మెత్తని ఒక చేత్తో ఎత్తాడు. ఇంకో చేతిలోకి మార్చాడు. పెద్దనాయన చేతికిచ్చాడు. పెద్దనాయన కూడా దాన్ని ఎత్తి, దించి, ముఖం చిట్లించాడు. తూకానికి అమ్మి, తూకానికి కొని బతికిన ఇద్దరు మనుషుల చేతుల్లో ఆ పాపపు మెత్త ఏ బరువూ లేకుండా ఉండిపోయింది.

"ఇందులో ఏముండాది?" అన్నాడు ఆసామి.

"బూరుగు దూదండీ."

"గాలి," అన్నాడు ఆసామి. "గాలికి నేను డబ్బులియ్యాలా? సముద్రం కాడ గాలి ఊరికే వస్తది."

"అయినా కూర్చునేదానికా, ఈదేదానికా?" అన్నాడు పెద్దనాయన. ఇద్దరూ నవ్వుకున్నారు. రాయిని రేకులు చేసి అమ్మే మనిషి, నీళ్ళని ఎండబెట్టి అమ్మే మనిషి, ఇద్దరూ కలిసి బూరుగు దూదిని మోసం అని తేల్చేశారు. ఆసామి పీచు మెత్తని ఎత్తి చూసి, దాని మీద కూర్చుని, లేచి, "ఇది సరుకు" అన్నాడు.

నన్ను కూడా కూర్చోమన్నారు. నేను కూర్చుని, "గుచ్చుతా ఉండాది" అన్నాను. పై గుడ్డ మందంగా వేస్తే గుచ్చదన్నారు. ఉద్యోగిని అభిప్రాయం అడగడం, అడిగి పక్కన పెట్టడం నాకు అప్పటికే అలవాటు.

పీచు కొనడానికి పెద్దనాయన బండి కట్టించి నన్ను కూడా తీసుకుపోయాడు. బేరానికి పిల్లని తీసుకుపోవడం ఆయన పద్ధతి. దారిలో నాచేత వల్లె వేయించేవాడు. తను ధర అడిగి పెదవి విరిస్తే నేను పంచె పట్టుకుని లాగాలి. లాగి, "పోదాం పా పెద్దనాయనా, బోగోలులో దీనికంటే చవగ్గా ఇస్తారంట" అనాలి. ఏ సరుకుకైనా అదే మాట. మిరపకాయలకి, బెల్లానికి, ఒకసారి ఎద్దుకి కూడా అన్నాను.

కాలవ గట్టు మీదికి పోయేసరికి గుప్పున కొట్టిన వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది. కొబ్బరి డొక్కల్ని నెలల తరబడి కాలవ నీళ్ళలో పాతేసి, కుళ్ళబెట్టి, బయటికి లాగి, కర్రలతో బాదుతున్నారు ఆడవాళ్ళు. సముద్రం పోటు ఎక్కినప్పుడల్లా ఉప్పునీళ్ళు వచ్చి నిలిచే కాలవ. అక్కడ పీచు అమ్మే ఆమె ఒక తాటిబొద్దు మీద కూర్చుని ఉంది. వక్కాకు నమిలి నమిలి ఎర్రబడ్డ నోరు, చేతికి దళసరి వెండి కడియం. ఆమె పక్కన రెండు కుప్పలున్నాయి.

"ఇది మంచినీళ్ళలో జాడించి ఆరబెట్టింది అన్నా," అంది. "అది జాడించంది. దాని రేటు వేరే, దీని రేటు వేరే."

"తేడా ఏంది?"

"జాడించంది కాస్త వాసన."

"వాసనకి అంత తేడానా? మంచినీళ్ళకి రేటు కడతావా నువ్వు?"

"కట్టనా మరి? తాగేదానికే ఊరవతల చెలమ కాడ నుంచి బిందె మోసుకొస్తండాం. పీచుకి తల స్నానం చేయించాలంటే ఊరికే అవుద్దా?"

పెద్దనాయన పెదవి విరిచాడు. నేను పంచె లాగాను. "పోదాం పా పెద్దనాయనా, బోగోలులో దీనికంటే చవగ్గా ఇస్తారంట."

ఆమె నా వైపు తిరిగి, ఎంతో ముద్దుగా, "బోగోలు ఎరుగుదువా పాపా? యాడుందో చూపించు, నేను కూడా ఆడనే కొనుక్కుంటా" అంది.

నేను సముద్రం వైపు చూపించాను.

పీచు కొడుతున్న ఆడవాళ్ళందరూ కర్రలు వదిలేసి నవ్వారు. "పడవెక్కి పొండి అన్నా," అంది ఆమె. పెద్దనాయన కూడా నవ్వాల్సి వచ్చింది. నేను అవమానం దిగమింగుకోవడానికి జాడించని కుప్ప పక్కన కూర్చుని ఒక పోగు లాగి నోట్లో పెట్టుకున్నాను. నాకు అన్నీ నోట్లో పెట్టుకునే పాడలవాటు.

"పెద్దనాయనా, ఇది ఉప్పగా ఉండాది."

"కాలవలో నానింది ఉప్పగా ఉండక పంచదారగా ఉంటదా?" అని నా చేతిలో కమ్మరకట్టు పెట్టాడు. ఇంకేం మాట్లాడతాను.

ఆ తర్వాత జరిగిన బేరం నేను చూసిన బేరాలన్నిటిలోకీ గొప్పది. ఆయన లేచి పోయాడు, ఆమె పిలిచింది. ఆమె లేచి పోయింది, ఈయన పిలిచాడు. ఆమె పిల్లల మీద ఒట్టు పెట్టింది, ఈయన ఎద్దుల మీద ఒట్టు పెట్టాడు. చివరికి జాడించని పీచు, మేమనుకున్నదానికంటే కూడా తక్కువ ధరకి, తూకానికి కొన్నాం. తూచాక పెద్దనాయన కొసరు అడిగాడు. ఆమె ఒక చేతినిండా పీచు తీసి కుప్ప మీదికి విసిరి, తల మీద చెయ్యి పెట్టుకుని, "నా కొంప ముంచినావు గదన్నా. ఇంకెప్పుడూ నా గట్టు తొక్కబాక" అంది.

ఆ మాట విన్నాక పెద్దనాయనకి పరమానందం. తిరుగు బండిలో పాట కూడా అందుకున్నాడు. అమ్మినవాళ్ళ ఏడుపే కొన్నవాడి లాభం అన్నది మా వేదం. నేను మాత్రం పీచు మోపు మీద ఎత్తున కూర్చుని వెనక్కి చూశాను. కొంప మునిగినామె తాటిబొద్దు మీద కూర్చుని తమలపాకుకి సున్నం రాసుకుంటూ ఉంది. ఎంత తీరిగ్గా రాస్తూ ఉందో!

ఇంటికి రాగానే నాయన ముక్కు మూసుకున్నాడు. "జాడించింది తెమ్మంటిని గదన్నా?"

"వాసనకి ఎండ చాలు. మంచినీళ్ళకి ఎవరైనా డబ్బు పోస్తారా?"

మేడ మీద పరిచారు. అవి పడమటి గాలి మండే రోజులు. వాన చుక్క లేదు, చెమట కూడా పుట్టిన చోటే ఆరిపోయే ఎండ. పీచు గలగలలాడేటట్టు ఎండింది. వాసన పోయింది. నాయన కూడా ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, సరేలే, పనికొస్తుందన్నాడు. మేము భయపడింది వాసనకి. వాసన పోయింది గనక భయం కూడా పోయింది. పైన పడవ తెరచాపలకి వేసే మందపాటి తెల్లగుడ్డ వేసి, అంచులకి నీలం దారంతో నాయన కుట్టిన కుట్టు చూడాలి! చీమ నడిచినట్టు ఉండేది. మెత్తలు సముద్రం ఒడ్డుకి పోయాయి. ఆసామి మనిషి వచ్చి, "బ్రహ్మాండంగా ఉన్నాయంట" అని చెప్పిపోయాడు. నాయన ఆ రాత్రి ఎర్రకారం పూసిన దోశలు అడిగి మరీ వేయించుకుని తిన్నాడు. పెద్దనాయన మాత్రం, "కార్తీకం దాటనీ" అన్నాడు.

కార్తీకం వచ్చింది. మా వైపు వానలు అప్పుడే గదా. తూర్పు గాలి తిరిగింది. వాన లేని పూట కూడా గోడలు చెమ్మగిల్లాయి, అప్పడాలు మెత్తబడ్డాయి, పెద్దనాయన గదిలో ఉప్పు బస్తాలు ఏటేటా ఏడ్చినట్టే ఏడవడం మొదలుపెట్టాయి. బస్తాల కింద చెక్కలు వేసి, కారే నీళ్ళకి మూకుళ్ళు పెట్టేవాళ్ళం. వనభోజనాల రోజు పొద్దున బండి ఎక్కబోతూ పెద్దనాయన మా అందరి మీదా అరిచిన అరుపు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"తలుపు వెయ్యండే! తూర్పు గాలి తగిలితే ఉప్పు ఊరుకుంటదా? యాడున్న తేమనీ లాక్కుంటది. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

చెప్పి, నాయననీ నన్నూ బండెక్కించుకుని సముద్రం దగ్గరికి బయల్దేరాడు. తన నోటితో తనే చెప్పాడు. తనే వినలేదు.

మేము పోయేసరికి వంటలు సరుగుడు చెట్ల కింద ఉడుకుతున్నాయి. పులిహోర పోపు, ఉప్పుగాలి, తడిసిన సరుగుడు ఆకు, అన్నీ కలిసిన వాసన. కార్లలోంచి పెద్దలు దిగారు. మల్లెపువ్వుల్లాంటి పంచెలు, ఇస్త్రీ మడత నలగని తెల్ల ప్యాంట్లు, ఆడవాళ్ళకి గంజి పెట్టిన లేతరంగు చీరలు. నాయన ఒక చెట్టు చాటున నిలబడి ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారో చూస్తున్నాడు. పెద్దనాయన చెట్టు చాటున కాదు, అందరికీ కనబడేటట్టు నిలబడ్డాడు.

కూర్చున్నారు. కూర్చున్న మొదటి పెద్దమనిషి, అందరిలోకీ పెద్ద ఆఫీసరు, కళ్ళు మూసుకుని, "అబ్బ, ఎంత చల్లగా ఉన్నాయండీ!" అన్నాడు.

"మంచు పడినా పొడిగా ఉండే సరుకండీ," అన్నాడు ఆసామి. "నేనే ఎంచినా. వాళ్ళు ఏదో దూది అంటగట్టాలని చూసినారు."

ఒక్కొక్కరూ చల్లదనాన్ని మెచ్చుకున్నారు. ఎంతసేపు కూర్చుంటే అంత చల్లగా ఉందన్నారు. నాయన నా వైపు చూసి నవ్వాడు. నేను ఉద్యోగరీత్యా కొంచెం అనుమానించాను. మెత్త మీద కూర్చుంటే వేడి పుట్టాలి గానీ చల్లదనం పెరగడం నా అనుభవంలో లేదు.

విస్తళ్ళు వేశాం రమ్మన్నారు. పెద్ద ఆఫీసరు లేచి ముందు నడిచాడు. ఆయన తెల్ల ప్యాంటు వెనక, గుండ్రంగా, పళ్ళెమంత, తడి. మామూలు తడి కాదు. కొబ్బరి పీచు కక్కిన గోధుమరంగు తడి. ఆయన వెనక డాక్టరు లేచాడు. ఆయనకి రెండు వేరు వేరు గుండ్రాలు. తర్వాత ఆడవాళ్ళు లేచారు.

ఆఫీసరు వెనకభాగం గురించి ఆఫీసరుకి చెప్పే ధైర్యం జిల్లాలో ఎవరికుంటుంది? ప్రతివాడూ ముందువాడి వెనక చూసి, మెల్లగా తన వెనక తడుముకుని, ముఖం మార్చుకున్నాడు. నేను కిసుక్కున నవ్వాను. నాయన నా నోరు మూశాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. ఆ రోజు ఆ పెద్దలందరూ వీపులు సరుగుడు చెట్లకి ఆనించి, నిలబడే భోంచేశారు. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి పోవాలంటే పీతల్లాగా పక్కకి నడిచారు. పెరుగన్నం దాకా ఎవరూ ఉండలేదు.

కార్లు వెళ్ళాక ఆసామి మా దగ్గరికి వచ్చాడు. ఎంచింది తనే అన్న మాట అప్పటికి సముద్రంలో కలిసిపోయింది. పెద్దనాయన వైపు చూడనే లేదు. నాయన ముఖం మీద, "నీ చేతిపని తీసుకుని నా కళ్ళముందు నుంచి పో. పరుపులు కుట్టే చేతులా అయ్యి?" అన్నాడు.

కుట్టుని అన్నాడు! అంత తడిలో కూడా ఒక్క పోగు వదలని కుట్టుని. నాయన మెత్తలన్నీ మోసి బండిలో వేశాడు. ఎద్దులు రొప్పుతూ లాగాయి. పోయినప్పటికంటే రెండింతల బరువుతో తిరిగి వస్తున్నాయి మరి. దారిలో నాయన కత్తితో ఒక మెత్త కోసి, పీచు లాగి, నాలుక మీద పెట్టుకున్నాడు. ఇంకో పోగు పెద్దనాయన ముందుకి చాచాడు.

"అన్నా, ఒకసారి నోట్లో పెట్టుకో."

పెద్దనాయన పెట్టుకున్నాడు. ఎంతైనా ఆ వ్యాపారంలో తల నెరిసిన మనిషి. నాలుక అటూ ఇటూ తిప్పి, చప్పరించి, అలవాటుకొద్దీ చెప్పేశాడు.

"మన ఉప్పు కాదు. నాసి రకం."

చెప్పాక అర్థమైంది ఆయనకి. నోట్లో పోగుని బండి అవతలికి ఉమ్మేశాడు.

అవ్వ ఊరుకుంటుందా! "ఉప్పమ్మేవాడు పీచు ధరకి ఉప్పు కొనుక్కొచ్చినాడంట. తూకం వేయించి మరీ! కొసరు కూడా అడిగినాడంట!" అని నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. నేను కాలవ గట్టు మీదే చెప్పానని అంటే, "నీకు నోట్లో కమ్మరకట్టు పెట్టినారు, వాడికి నోట్లో ఏం పెట్టినారో" అంది. వెంకటాచలం సంత దాకా పాకింది ఆ మాట. అయితే మాట పడింది పెద్దనాయన, గది పోయింది మాత్రం నాయనది. అన్న మాట ప్రకారం కార్తీకం దాటంగానే బస్తాలు దిగాయి. విల్లు పట్టిన ముసలాయన తన సామాను సర్దుకుని పోయాడు. ఆ రోజు టంయ్ టంయ్ ఆగితే అవ్వ లేచింది గానీ, ఎవరు పోయారని అడగలేదు.

నాయన తక్కెడ కాడ కూర్చున్నాడు. కూర్చోబోయే ముందు పెరట్లోకి పోయి, తొట్టిలో తేలిన ఆ బూరుగు మెత్తని తెచ్చి వేసుకున్నాడు. ఆ గదిలో ఏటా తూర్పు గాలికి గోడ ఏడ్చేది, నేల ఏడ్చేది, పెద్దనాయన కూర్చునే గోనెపట్టా ఏడ్చేది. ఆయన లేచి నిలబడితే పంచె మీద గోనె నేత అచ్చు పడి ఉండేది. పక్కనే నాయన లేచేవాడు, పొడి పంచెతో. లేచి, పంచె దులుపుకునేవాడు, అంతే. అంత చప్పుడు లేని తిట్టు నేను మళ్ళీ వినలేదు.

ఎన్నో కార్తీకాలు ఓర్చుకుని, ఒకనాడు పెద్దనాయన ఎటో చూస్తూ, "ఒరే, అట్టాంటిది నాకూ ఒకటి కుట్టు" అన్నాడు.

"కొనేది పెద్దోళ్ళ పని గదన్నా," అన్నాడు నాయన. "బూరుగు తెచ్చియ్యి, కుడతా."

పెద్దనాయన తేవడానికి పోయాడు. నేను కూడా పోయాను. దూది చేతిలోకి తీసుకున్నాడు, ఎత్తాడు, దించాడు. ముఖంలో పాత చిట్లింపు వచ్చింది. "ఇంత గాలికి అంత రేటా?" అన్నాడు. అమ్మేవాడు తగ్గించాడు. ఇంకా తగ్గించమన్నాడు. వాడు ఇంకా తగ్గించాడు. చివరికి చేతిలో బరువు తగలని దానికి ఎంతిచ్చినా నష్టమే అని తేల్చుకుని, ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. పోయేదాకా గోనెపట్టా మీదే కూర్చున్నాడు మహానుభావుడు, తడిగా, లాభంగా.

షోరూములో ఆ కుర్రాడు రంగుల అట్ట ఒకటి తెచ్చాడు. దానికి రకరకాల ఫోము ముక్కలు అతికించి ఉన్నాయి. చూడమని నా చేతికిచ్చాడు. నేను ఒక ముక్క ఊడబీకి నాలుక మీద పెట్టుకున్నాను. మా కోడలు నన్ను ఎరగనట్టు దీపాలు అమ్మే వైపు నడిచిపోయింది.

ఏ రుచీ లేదు. ఉప్పు లేదు, పులుపు లేదు, కుళ్ళు కూడా లేదు. మా నాయన కాలంలో దొంగ సరుక్కి కూడా ఒక రుచి ఉండేది.

ముక్క తీసి అట్ట మీద పెట్టి బేరం మొదలుపెట్టాను. వాడు చెప్పిన ధరలో సగానికి అడిగాను. కుదరదన్నాడు. లేచాను. పిలిచాడు. ఇంకో రెండు అంగళ్ళ పేర్లు చెప్పాను. అవి ఎటున్నాయో వాడు అడగలేదు, నా అదృష్టం. మేనేజరుని అడిగి వచ్చి తగ్గించాడు. మళ్ళీ లేచాను, మళ్ళీ పిలిచాడు. చివరికి కొసరుగా ఒక చిన్న దిండు కూడా పెట్టించుకున్నాను. వాడు తల మీద చెయ్యి పెట్టుకుని, "మేడం, మీరు మమ్మల్ని ముంచేశారు" అన్నాడు.

ఆ మాట చెవిన పడగానే కాలవ గట్టు గుర్తు రావాలి. వచ్చింది కూడా. అన్నీ తెలుసు నాకు. అయినా నా ఒళ్ళు పులకరించింది. పెద్దనాయన పాట ఒకటి నోటికొచ్చింది. రక్తం ఎక్కడికి పోతుంది?

వాకిలి దగ్గర వెనక్కి తిరిగి చూశాను. మునిగిపోయిన ఆ కుర్రాడు నేను ఖాళీ చేసిన కుర్చీలోనే కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని, ఫోను చూసుకుంటున్నాడు. ఎంత తీరిగ్గా చూసుకుంటున్నాడో!

సోఫా మేడ మీదికి చేరింది. మెత్తలు మెత్తగానే ఉన్నాయి, పొడిగానే ఉన్నాయి. కార్తీకం ఇంకా రాలేదు.